3 అడుగుల రీఫ్ ట్యాంక్: ఏ చేప ముందు, ఏ చేప ఆఖరు? లిస్టు చూసి తిట్టండి

కొత్తఉప్పు
పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు, 3×1.5×1.5 అడుగులు, కింద సంప్ (ఫిల్టర్ తొట్టి). రాళ్లూ ఇసుకా పోను మొత్తం 180 లీటర్ల నీళ్లు పట్టాయి. డ్రై రాక్ (జీవాలేవీ లేని ఎండు రాయి) 18 కిలోలు, బాటిల్ బ్యాక్టీరియా వేసి 5 వారాలైంది. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20, ఉప్పు 1.025 (సాంద్రత లెక్కలో), వేడి 28 డిగ్రీలు. ఊరు హైదరాబాద్. షాపతను "సైకిల్ (అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కుదురుకోవడం) అయిపోయింది, ఇంక ఏదైనా వేసుకో" అంటున్నాడు.

లిస్టు: క్లౌన్ 2, బ్లూ టాంగ్ 1 చిన్నదే, 2 అంగుళాలు, మాండరిన్ 1, సిక్స్‌లైన్ రాస్ 1, కోరల్ బ్యూటీ 1, బ్లూ డామ్సెల్ 4, కార్పెట్ అనిమోన్ 1. కోరల్స్‌లో గట్టివి టార్చ్, హ్యామర్; మెత్తవి జోవా, జీఎస్పీ (గ్రీన్ స్టార్ పాలిప్). అన్నీ ఒకేసారి తీసుకుంటే డెలివరీ ఫ్రీ అట. ఏది తీసేయాలి?

సంప్_సత్తిబాబు
ముందు ఆ ఫ్రీ డెలివరీ తీసెయ్.

ముప్పైఐదు_పీపీటీ
లిస్టు వరసగా చూద్దాం.

బ్లూ టాంగ్: పెరిగితే అడుగు పొడవు. 6 అడుగుల ట్యాంకు కావాలి. ఇప్పుడు 2 అంగుళాలే కదా అనే మాట ప్రతి థ్రెడ్‌లోనూ వస్తుంది. రోజంతా ఈదే చేప అది. ఇరుకులో పెడితే బెదురుతుంది, బెదిరిన వారంలోనే ఒంటి మీద తెల్ల చుక్కలు. ఇక్ అనే ఈ తెల్లచుక్కల జబ్బు అందరికంటే ముందు పట్టేది దీన్నే.

మాండరిన్: ఫ్లేక్, పెల్లెట్ ముట్టదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్ల మీద కోపిపాడ్లు (నలుసంత పురుగులు) ఏరుకు తింటుంది. 5 వారాల డ్రై రాక్ మీద కోపిపాడ్లు ఎక్కడివి? పొట్ట లోపలికి పోయి, తల వెనక ఎముక తేలి, నెలా రెండు నెలల్లో పోతుంది. ఏడాది నిండాక, రాత్రి టార్చిలైటు వేస్తే అద్దం మీద తెల్ల నలుసులు పాకుతూ కనిపిస్తే అప్పుడు ఆలోచించు.

సిక్స్‌లైన్: 3 అంగుళాల రౌడీ. మాండరిన్ తినే కోపిపాడ్లనే ఇదీ తింటుంది. ముందు వేస్తే తర్వాత వచ్చిన ప్రతి చేపనీ తరుముతుంది. పెట్టాలనుకుంటే అన్నిటికంటే ఆఖరున, లేదా అసలు వద్దు.

డామ్సెల్ 4: ఆర్నెల్లకు 1 మిగులుతుంది. మిగిలినదాన్ని పట్టాలంటే రాళ్లన్నీ బయటికి తీయాలి.

కార్పెట్: అడుగున్నర, రెండడుగులు విప్పుకుంటుంది. నీ ట్యాంకు వెడల్పే అడుగున్నర. పైగా చేపల్ని తింటుంది.

మిగిలింది క్లౌన్ జంట. దానికి రాయల్ గ్రామా 1, ఫైర్‌ఫిష్ 1, యెల్లో వాచ్‌మన్ గోబీ 1 కలుపు. 5 చేపలు, 180 లీటర్లకు హాయిగా సరిపోతాయి. ఇంకొకటి కావాలంటే బంగై కార్డినల్. ఒకటే, లేదా ఖాయంగా జతకట్టిన జంట. మూడు తెస్తే మూడోదాన్ని చంపేదాకా వదలవు.

పగడాలపిచ్చి
పైన అన్నిటికీ ఓకే. కోరల్ బ్యూటీ సంగతి ఎత్తలేదు. నా లెక్కలో సాఫ్ట్ కోరల్స్ మాత్రమే పెట్టేవాళ్లకు పర్లేదు. లెదర్, మష్రూమ్ జోలికి మామూలుగా పోదు.

ముప్పైఐదు_పీపీటీ
మామూలుగా పోదు, ఒకరోజు పోతుంది. జోవా పాలిప్‌లు కొరకడం మొదలుపెట్టాక పట్టుకోవడం ఎవరి తరం? 3 అడుగుల్లో కోరల్ బ్యూటీ లాంటి సెంట్రోపైజ్ జాతి ఏంజెల్ చేపకి మేసే రాయి కూడా చాలదు. నాచు బాగా పట్టిన పాత రాళ్లుండాలి దానికి. నేను వద్దనే అంటా.

పగడాలపిచ్చి
సరే, ఏంజెల్‌ల విషయంలో మనిద్దరికీ ఎప్పుడూ కుదరదు. 4 అడుగులైతే మాత్రం నా మాటే.

అమ్మోనియా_అప్పారావు
అసలు సైకిల్ అయిందా అన్నది తేలలేదు. కొత్తఉప్పు గారూ, అమ్మోనియా దేంతో ఇచ్చారు? నీళ్లు ఎక్కడివి?

కొత్తఉప్పు
అమ్మోనియా ఇవ్వలేదండి. మొదటివారం రెండుసార్లు చిటికెడు ఫిష్ ఫుడ్ వేశా. నీళ్లు బోరువి, ఇంట్లో తాగే ఆర్‌ఓ నుంచి పట్టా. టీడీఎస్ 45.

అమ్మోనియా_అప్పారావు
అనుకున్నా. చిటికెడు తిండికి 180 లీటర్లలో నైట్రేట్ 20 రాదు. ఆ నైట్రేట్ బోరుది. ఆర్‌ఓ మెంబ్రేన్ మిగతా లవణాల్ని ఆపినంత బాగా నైట్రేట్‌ను ఆపదు. తాగే ఆర్‌ఓలకు రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న తిప్పుడు వాల్వు ఉంటుంది, అది పచ్చి నీళ్లను కొంచెం కలుపుతుంది. ఆర్‌ఓ నీళ్లు ఒక గ్లాసులో పట్టి అదే నైట్రేట్ కిట్‌తో చూడండి, తెలిసిపోతుంది. మందు: ఆ వాల్వు పూర్తిగా మూసి, తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం బిగించడం. టీడీఎస్ మీటర్ 0 చూపించాలి. 2 దాటితే రెసిన్ మార్చాలి. 45 టీడీఎస్ నీళ్లతో రోజూ టాపప్ చేస్తూ (ఆవిరైనంత నింపుతూ) పోతే నైట్రేట్, సిలికేట్ పేరుకుంటూనే ఉంటాయి, ఇసుక మీద గోధుమరంగు పొర పోనే పోదు.

ఇక సైకిల్: సున్నా అంటే బ్యాక్టీరియా తినేసిందనీ కావచ్చు, తినడానికి ఏమీ లేదనీ కావచ్చు. తేల్చుకోవాలంటే అమ్మోనియం క్లోరైడ్ 1.1 గ్రాములు గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో కరిగించి సంప్‌లో పోయండి. 180 లీటర్లకు అది సుమారు 2 పీపీఎం (పది లక్షల పాళ్లలో 2). గంట తర్వాత ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి చూడండి. రెండోసారికి సున్నా అయితే ట్యాంకు సిద్ధం. 48 గంటలు పడితే ఇంకో వారం ఆగి మళ్లీ పోయండి. నైట్రైట్ కనిపిస్తే కంగారు పడకండి. ఉప్పునీళ్లలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి చేపకు దానివల్ల పెద్ద హాని లేదు. అది ఉన్నంతకాలం నైట్రేట్ కిట్ మాత్రం ఎక్కువ చూపిస్తుంది.

ఓరుగల్లు_ఆక్వా
ఉప్పు దేంతోని చూస్తున్నవ్? ప్లాస్టిక్ హైడ్రోమీటర్ అయితే నమ్మకు, ముల్లుకు ఒక్క బుడగ అతుక్కుంటే లెక్క తప్పుతది. రిఫ్రాక్టోమీటర్ కొను. కొన్నంక ఆర్‌ఓ నీళ్లతోని సున్నాకు పెడితే సరిపోదు, 35 పీపీటీ (వెయ్యి పాళ్లల్ల 35 పాళ్ల ఉప్పు) కాలిబ్రేషన్ సొల్యూషన్ ఉంటది, దాంతోని పెట్టు. సున్నా దగ్గర కరెక్టుగ ఉన్న మీటర్ 35 దగ్గర తప్పు చూపియ్యొచ్చు.

గోదారిగట్టు
మధ్యలో దూరుతున్నా. రుషికొండలో క్యాన్లు ముంచి సముద్రం నీళ్లే తెచ్చుకోవచ్చుగా? ఉప్పు ప్యాకెట్ల ఖర్చేంటి అసలు?

విశాఖ_కెరటం
అలా అనుకునే చాలామంది ఇక్కడ చేతులు కాల్చుకున్నారు గురూ. ఒడ్డు నీళ్లలో మురుగు కలుస్తది, హార్బర్ వైపైతే ఆయిలు. అది వదిలేసినా, వానలయ్యాక గోదావరి, కృష్ణ, పైనుంచి గంగ, మహానది వరద నీరంతా బంగాళాఖాతంలోనే పడతది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మన తీరంలో పైనీళ్ల ఉప్పు 30 పీపీటీ కంటే కిందికి జారుతది. వేసవిలో తెచ్చిన క్యానుకీ దసరాకి తెచ్చిన క్యానుకీ పొంతనుండదు. తేవాలనుంటే బోటు మీద చాలా లోపలికెళ్లి తేవాలి, వడగట్టి చీకట్లో రెండు వారాలు ఉంచాలి, ఆనక కొలిచి ఉప్పు సరిచేయాలి. ఆ లారీ కిరాయికి ఉప్పు బకెట్టే వచ్చేస్తది.

సంప్_సత్తిబాబు
హైదరాబాద్ వాడికి సముద్రం నీళ్లు అన్నావు చూడు, అన్నవరం ప్రసాదం పార్సిల్ అనుకున్నావా.

ముప్పైఐదు_పీపీటీ
ఉప్పు కలిపే లెక్క కూడా రాసేస్తా. నెలకు రెండుసార్లు 18 లీటర్లు మారిస్తే చాలు. 18 లీటర్ల ఆర్‌ఓ నీళ్లకు ఉప్పు సుమారు 700 గ్రాములు, బ్రాండును బట్టి కొంచెం అటూఇటూ. ముందు నీళ్లు, అందులో పంపు ఆన్ చేసి, తర్వాత ఉప్పు కొద్దికొద్దిగా. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా సున్నంలా అడుగున పడిపోతుంది, ఆ బకెట్టు ఇంక పనికిరాదు. రోజూ ఆవిరయ్యే నీళ్లకు బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు పోయకూడదు. ఉప్పు ఆవిరి కాదుగా.

ఓరుగల్లు_ఆక్వా
28 డిగ్రీలు అన్నవ్. ఇది ఏ నెల, ఏసీ ఉన్న రూమా? ఏప్రిల్, మేలల్ల 33 కొడ్తది ఆ ట్యాంకు. 25, 26 మీద ఉంచాలె. హైదరాబాద్‌ల ఎండకాలం గాలి పొడిగుంటది గనుక సంప్ మీద చిన్న ఫ్యాన్ పెడితే 2–3 డిగ్రీలు దిగుతది, కాకపోతే రోజుకు 4 లీటర్లు ఆవిరైతయ్. ఆటో టాపప్ లేకుంటె రెండ్రోజుల్ల ఉప్పు పైకి పోతది.

విశాఖ_కెరటం
ఆ ఫ్యాను మా దగ్గర ఏటీ చెయ్యదు. గాల్లో తేమకి ఒక డిగ్రీ దిగితే గొప్ప. మాకు నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషనే దిక్కు.

ఓరుగల్లు_ఆక్వా
మే నెలకు హైదరాబాద్‌ల గూడ చిల్లర్ మిషనే. ఏసీ నడిచే రూమ్ అయితే 1/10 హెచ్‌పీ సరిపోతది. ఏసీ లేని హాల్ల 1/4 లేకుంటె ఆగకుండ తిరుగుతనే ఉంటది. స్టాండ్ క్యాబినెట్ లోపట పెట్టకు, అది ఇడిసిన వేడిని అదే పీల్చుకుంటది. పైప్ పొడుగు గుంజి బాల్కనీల పెట్టు.

ఇంకోటి, కరెంటు పోతె ముందుగాల అయిపోయేది ఆక్సిజన్. నీళ్లను కదిపే 10 వాట్ల వేవ్‌మేకర్‌ను ఇన్వర్టర్ లైన్ల పెట్టు, చిల్లర్‌ను పెట్టకు. ఒక బ్యాటరీ ఎయిర్ పంప్ పక్కకు ఉంచుకో.

చట్టం_చదివినోడు
టార్చ్, హ్యామర్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. మన సముద్రాల్లోని గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1. పులి ఉన్న షెడ్యూలే. బతికినవే కాదు, చచ్చిన ముక్క ఇంట్లో ఉన్నా అదే. సీ ఫ్యాన్, సముద్ర గుర్రం, సీ కుకుంబర్ కూడా అలాంటివే. బయటి దేశం నుంచి వచ్చిన గట్టి పగడాలైతే సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధం 2లో ఉన్నాయి. పర్మిట్ ఉండాలి. 2022 సవరణ తర్వాత అలాంటి జీవుల్ని ఇంట్లో ఉంచుకుంటే కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. కాగితం లేని టార్చ్ కొనకండి. బీచ్‌లో ఏరిన పగడపు రాళ్లను లైవ్ రాక్ అని అమ్మితే అదీ కొనకండి.

గోదారిగట్టు
అందరూ అమ్ముతూనే ఉన్నారు కదా సార్.

చట్టం_చదివినోడు
బిల్లు మీద 'టార్చ్ కోరల్' అని రాసి, పర్మిట్ నంబరు వేసి ఇమ్మనండి. మొహం చూస్తే తెలుస్తుంది.

డాలస్_ఉప్పుచేప
ఇక్కడ టార్చ్, హ్యామర్ పెంచి ముక్కలు చేసి అమ్ముతారు, పక్కింటివాడి దగ్గరైనా దొరుకుతాయి. అందుకే అమెరికా వీడియోలు చూసి ఇండియాలో లిస్టు రాసుకోకూడదు. అక్కడి ట్యాంకుకు అక్కడ న్యాయంగా దొరికేవి చూసుకోవాలి.

ఇక్కడైనా కొత్త ట్యాంకులో మొదటి ఆర్నెల్లు టార్చ్ పెట్టం. ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల లెక్క) 8–9 డీకేహెచ్ దగ్గర నిలకడగా ఉండాలి. రోజుకు 1 దాటి ఊగితే టార్చ్ తల ముడుచుకుని, కండ జారిపోతుంది. పైగా టార్చ్ రాత్రిపూట 6 అంగుళాల పొడవు కుట్టే తీగలు చాస్తుంది. హ్యామర్‌ను పక్కన పెడితే టార్చే గెలుస్తుంది. మీ 3 అడుగుల్లో ఆ రెంటికీ విడివిడిగా చోటెక్కడిది?

పగడాలపిచ్చి
కరెక్ట్. సాఫ్ట్ కోరల్స్‌తో మొదలుపెట్టండి, తక్కువేం కాదు. మష్రూమ్ కింద, నీడలో, పార్ (పగడానికి అందే వెలుతురు లెక్క) 50 చాలు. జోవా మధ్యలో, 80–120. లెదర్ పైన, ధార తగిలేచోట. లెదర్ అప్పుడప్పుడు వారం పది రోజులు ముడుచుకుని మైనంలాంటి పొర వదులుతుంది, చచ్చిందని తీసి పారేయకండి. కొంచెం ధార పెంచితే పొర ఊడి మళ్లీ విప్పుకుంటుంది. లెదర్ నీళ్లలోకి రసాయనాలు వదిలి పక్కవాటిని ఎదగనివ్వదు కాబట్టి సంప్‌లో కార్బన్ సంచి ఉంచి నెలకోసారి మార్చండి.

జీఎస్పీని పెద్ద రాళ్లకు అంటించవద్దు. ఆకుపచ్చ తివాచీలా ఉంటుంది, గడ్డిలా పాకుతుంది, జోవాల్ని కప్పేస్తుంది. ఇసుకలో విడిగా ఒక రాయి మీద, లేదా వెనక అద్దం మీద పెట్టండి.

జీరో నైట్రేట్, జీరో ఫాస్ఫేట్ కోసం ఎవరూ ఎగబడకండి. సాఫ్ట్ కోరల్స్‌కి నైట్రేట్ 5–15, ఫాస్ఫేట్ 0.05–0.1 ఉంటేనే బాగుంటాయి. రెండూ సున్నా చేస్తే డైనో (డైనోఫ్లాజెలేట్ అనే నాచులాంటిది) వస్తుంది. బుడగలు పట్టిన జిడ్డు తాళ్లలా రాళ్ల నుంచి వేలాడుతుంది, నత్తలు తింటే చస్తాయి.

ముప్పైఐదు_పీపీటీ
జోవా గురించి ఒక హెచ్చరిక. వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు లేకుండా కోయకండి. జోవా ఉన్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకండి, వేడినీళ్లు పోసి బ్రష్‌తో రుద్దకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి, కుక్కలతో సహా.

కొత్తఉప్పు
బాబోయ్. లిస్టు సగం పోయింది. గోబీతో పిస్టల్ ష్రింప్ కూడా పెడతారని చదివా, అది ఓకేనా?

సంప్_సత్తిబాబు
రాళ్లు ఇసుక మీద పెట్టావా, అద్దం మీద పెట్టావా?

కొత్తఉప్పు
ఇసుక పోసి, దాని మీద రాళ్లు.

సంప్_సత్తిబాబు
అయితే ఓకే కాదు. అది రాత్రంతా రాళ్ల కింద సొరంగాలు తవ్వుతుంది. ఇసుక జారితే 18 కిలోల గుట్ట అద్దం మీదికి. ఇప్పుడు చేపలు లేవుగా, ఇదే టైము. రాళ్లు తీసి, ఇసుక పక్కకు జరిపి, అడుగు అద్దానికి ఆనించి పెట్టు. చుట్టూ ఇసుక మళ్లీ తోసెయ్. గుట్ట వెనక అద్దానికి 2–3 అంగుళాలు వదులు, మ్యాగ్నెట్ క్లీనర్ తిరగాలి.

క్వారంటైన్_కామేశ్వరి
ఇప్పటిదాకా ఒక్కరూ క్వారంటైన్ మాట ఎత్తలేదు. 40 లీటర్ల గాజు డబ్బా, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోడానికి పీవీసీ ముక్కలు. ఇసుక వద్దు, రాయి వద్దు, అవి మందుగా వేసే కాపర్‌ను పీల్చేస్తాయి. స్పాంజ్‌ను ఇప్పట్నుంచే మీ సంప్‌లో పడేసి ఉంచండి, నాలుగు వారాల్లో బ్యాక్టీరియా పడుతుంది.

చేప రాగానే కవరులోని నీళ్ల ఉప్పు కొలవండి. చాలా షాపుల్లో 1.018–1.020 దగ్గరే ఉంచుతారు. క్వారంటైన్ నీళ్లను ఆ లెక్కకే ముందు కలిపి ఉంచి, వేడి సమం అవ్వగానే చేపను మాత్రమే వేసేయండి. ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలుపుతూ గంటన్నర డ్రిప్ పెట్టొద్దు. కవరు విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా హాని చేయని అమ్మోనియా విషమవుతుంది. తర్వాత ఉప్పును రోజుకు 0.001–0.002 చొప్పున 1.025కి తేవచ్చు.

ఇక్‌కీ, అలాంటిదే అయిన వెల్వెట్ జబ్బుకీ కాపర్. కాపర్ పవర్ అనే మందు అయితే 2.25–2.5 పీపీఎం, క్యుప్రమైన్ అయితే 0.5. రెంటి లెక్కా వేరు, కలగాపులగం చేయకండి. రెండు మూడు రోజుల్లో మెల్లగా అక్కడికి చేర్చి 30 రోజులు దిగకుండా ఉంచండి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. కాపర్ ఉన్న నీళ్లలో ప్రైమ్ లాంటి అమ్మోనియా మందులు పోయకండి, క్యుప్రమైన్‌తో అయితే మరీ ప్రమాదం. అమ్మోనియా పెరిగితే నీళ్లు మార్చడమే, మార్చిన నీళ్లకు సరిపడా కాపర్ మళ్లీ వేయడమే. ష్రింప్, నత్త, కోరల్ ఈ డబ్బాలోకి రాకూడదు.

పగడాలపిచ్చి
ఆరోగ్యంగా ఉన్న క్లౌన్‌కు ముందే కాపర్ ఎందుకు? 4 వారాలు ఊరికే చూసి, వస్తే వేయొచ్చు. హ్యాచరీ క్లౌన్ అయితే ఇంకా నయం. మండపం, విళింజంలో సీఎంఎఫ్‌ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు క్లౌన్ పిల్లల్ని పెంచే పద్ధతి ఎప్పుడో నిలబెట్టారు. పెంచినవే అడిగి తీసుకోవచ్చు.

క్వారంటైన్_కామేశ్వరి
పెంచినవి కొనమనే నేనూ అంటా. కానీ అవి షాపులో సముద్రంలో పట్టిన చేపలున్న నీళ్లలోనే వారం ఉంటాయి కదా. ఇక్ మొప్పల్లోనే ఉండి పైకి కనిపించకపోవచ్చు. చూస్తూ కూర్చునే పద్ధతిలో అది జారిపోయి మెయిన్ ట్యాంకులోకి వస్తే, చేపలన్నీ తీసి 76 రోజులు ట్యాంకు ఖాళీగా పెట్టాలి. ఏది సుఖం?

ఒక్క విషయంలో మీరు చెప్పింది నిజం, అన్నిటికీ కాపర్ మందు కాదు. క్లౌన్‌కు ఒంటి మీద తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది బ్రుక్లినెల్లా. దానికి కాపర్ పనిచేయదు, ఫార్మలిన్ స్నానం కావాలి. అదీ అదే రోజు, తెల్లారేదాకా ఆగితే చేప ఉండదు.

అమ్మోనియా_అప్పారావు
కొత్తఉప్పు గారు ఈపాటికి ట్యాంకు అమ్మకానికి పెట్టేసుంటారు.

కొత్తఉప్పు
లేదండి, రాళ్లు తీస్తున్నా 🙂 ఆర్‌ఓ నీళ్లు టెస్ట్ చేశా, నైట్రేట్ 20 అందులోనే ఉంది! డీఐ ఆర్డర్ పెట్టా. సవరించిన లిస్టు: అమ్మోనియా పరీక్ష పాసైతే ముందు నత్తలు. తర్వాత ఫైర్‌ఫిష్, గోబీ. తర్వాత గ్రామా. ఆఖరున క్లౌన్ జంట. క్లౌన్లు ఆఖరు ఎందుకంటే స్థిరపడ్డాక ట్యాంకు వాటిదే అంటాయని ఎక్కడో చదివా. సిక్స్‌లైన్, టాంగ్, డామ్సెల్, ఏంజెల్, మాండరిన్, కార్పెట్ అవుట్. కోరల్స్ మష్రూమ్, జోవా, చిన్న లెదర్.

ముప్పైఐదు_పీపీటీ
వరస బాగుంది. పిరికివి ముందు, పొగరుబోతులు వెనక. నత్తలు ట్రోకస్ లేదా టర్బో 6 చాలు. హెర్మిట్ పీతలు వద్దు, గుల్ల కోసం నత్తల్నే చంపుతాయి. కోరల్స్‌ను మూడో నెలలో, మష్రూమ్ ఒకటి వేసి మూడు వారాలు చూసి మిగతావి.

క్లౌన్లు రెండూ ఒకే సైజువి తేకు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అన్నీ మగవిగా మొదలై, పెద్దది ఆడదవుతుంది. సమానంగా ఉంటే ఎవరు పెద్ద అన్నది తేలేదాకా కొట్టుకుంటాయి.

డాలస్_ఉప్పుచేప
గ్రామా కొనేటప్పుడు జాగ్రత్త. రాయల్ డాటీబ్యాక్‌ను గ్రామా అని అంటగడతారు, అది డామ్సెల్ కంటే పెంకిది. ముందు ఊదా, వెనక పసుపు రెంటికీ ఉంటుంది. గ్రామాలో ఊదారంగు చుక్కలు చుక్కలుగా పసుపులోకి కరుగుతుంది, పైరెక్క మొదట్లో నల్ల మచ్చ ఉంటుంది. డాటీబ్యాక్‌లో స్కేలు పెట్టి గీసినట్టు రెండు రంగులు అక్కడికక్కడ విడిపోతాయి, మచ్చ ఉండదు. గ్రామా కరీబియన్ చేప, అక్కడిదాకా రావడానికి ధర ఎక్కువే. అందుకే మరీ చవగ్గా చెబితే అనుమానించండి.

కొత్తఉప్పు
ఆ తేడా రాసుకున్నా. ఆఖరి ప్రశ్న. ఫైర్‌ఫిష్ దూకుతుందంటున్నారు, గాజు మూత వేస్తే సరిపోతుందా?

సంప్_సత్తిబాబు
గాజు వేస్తే వేడి ఆగుతుంది, గాలి ఆడదు. అల్యూమినియం కిటికీ ఫ్రేమ్‌కు 6 మి.మీ. కన్ను ఉన్న తెల్ల నెట్ బిగించు. దోమల జాలీ వద్దు, లైటు తినేస్తుంది. సంప్ నుంచి నీళ్లు పైకి తెచ్చే రిటర్న్ పైపు పోయే మూల కోస్తావు చూడు, అక్కడ అర అంగుళం సందు వదిలినా అది ఆ సందులోంచే వస్తుంది. సంప్‌లోకి నీళ్లు దిగే ఓవర్‌ఫ్లో డబ్బా మీద కూడా వెయ్యి.

కొత్తఉప్పు
ఫ్రేమ్ కొలతలు తీసుకున్నా. షాపతను ఫోన్ చేశాడు, ఫ్రీ డెలివరీ ఆదివారం దాకానే అట.

సంప్_సత్తిబాబు
ఉప్పు బకెట్టు, డీఐ రెసిన్ పంపమను. అవి చావవు.